తేర్చకండి, తేరుకోనివ్వండి

తెలుగులో "తేఱు" అని ఒక క్రియ ఉంది. పాత నిఘంటువులు తిరగేస్తే దానికి రెండర్థాలు పక్కపక్కనే కనిపిస్తాయి. కలకబారిన నీరు మడ్డి దిగి తేటపడటం ఒకటి, దెబ్బతిన్నవాడు మళ్ళీ మామూలు మనిషి కావడం మరొకటి. తేట అన్న మాటా, తేరుకోవడం అన్న మాటా ఈ ఒక్క కుదురులోనివే. రెంటికీ వ్యవధి కావాలనీ, రెంటిలోనూ అసలు పని లోపలినుంచి జరగాలనీ ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాళ్ళు ఎరిగే ఉంటారు. మనం ఎరగం. ఎరగమనడానికి నేను చూపించే సాక్ష్యం చాలా చిన్నది. అది ముందుగదిలో బల్లమీద పెట్టుకునే చేపల తొట్టి.

జరిగేది ఇదీ. ఒక సెలవునాడు తొట్టిని సమూలంగా కడుగుతారు. అడుగున పరచిన గులకరాళ్ళు తీసి కుళాయి కింద రుద్దుతారు. ఫిల్టరులోని స్పాంజిని నలుపు పోయేదాకా పిండుతారు. గాజును పీచుతో తోముతారు. పాతనీళ్ళన్నీ పారబోసి కొత్తనీళ్ళు నింపుతారు. ఆ సాయంత్రానికి తొట్టి అద్దంలా ఉంటుంది. మూడోనాటికి అందులో పాలు కలిపినట్టు తెల్లటి కలక కమ్ముతుంది. ఇప్పుడేం చేయాలి? "సరిగా కడగలేదు, మళ్ళీ కడగండి" అని అమ్మినవాడి తీర్పు, చుట్టాల తీర్పు, ఇంట్లో పెద్దల తీర్పు. ఆ తీర్పు తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఊరికే తప్పు కాదు, చేపల ప్రాణం తీసే తప్పు.

కట్టంగూరులో కూర్చుని గాజుతొట్ల గురించి రాయడమేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద, లోగడ 9వ నంబరూ ఇప్పుడు 65వ నంబరూ అయిన దాని మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్లుకూ నడుమ ఉన్న ఊరిది. నగరంలో ముచ్చటైన వస్తువేదైనా ఇక్కడికి రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. రంగుచేపలూ అలాగే వచ్చాయి. మా ఊళ్ళో నేను చెల్లెగా భావించే ఒకామె ఇంట్లో ఈ కథ మొత్తం దగ్గరనుంచి చూశాను. "పోయిన అయితారం కడిగిన అన్నా. బుధారం కల్లా పాల లెక్క అయినయ్. మల్ల కడిగిన, మల్ల గదే కత. ఇంకెన్నిసార్లు కడగాలె?" అని ఆమె అడిగింది. అప్పటికి మూడు విడతలు కడగడం అయింది. ఆరు చేపల్లో మిగిలినవి రెండు. దుకాణంలో ఆమెకు నీళ్ళు తేటచేసే మందు సీసా ఒకటి అంటగట్టారు. అది పోస్తే నీళ్ళు నిజంగానే తేటపడ్డాయి. ఆ తేటనీళ్ళలోనే ఐదో చేప పోయింది.

తేటనీళ్ళలో చేప ఎందుకు చస్తుంది? అదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న వేయకుండా కలక గురించి ఎంత మాట్లాడినా వృథా.

చేప తన శరీరంలోని నత్రజని మలినాన్ని చాలావరకు మొప్పల గుండా అమోనియాగా విడుస్తుంది. మిగిలిపోయిన మేత, రాలిన ఆకు, చేప పెంట కుళ్ళినా అమోనియానే పుడుతుంది. చెరువులో అది వేల ఘనగజాల నీటిలో కలిసిపోతుంది. తొట్టిలో చేప తాను విడిచిన విషాన్ని తానే మళ్ళీ పీల్చాలి. అలా జరగకుండా కాపాడేది ఫిల్టరు మోటారు కాదు. స్పాంజికీ, గులకరాళ్ళకూ, గాజు లోపలి ముఖానికీ అంటుకుని బతికే సూక్ష్మజీవులు. వాటిలో ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. మరొక తెగ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది వాటికంటే ఎంతో సాధువు. వారానికింత నీరు మారిస్తే దాని పీడా ఉండదు. ఈ జీవులు నీళ్ళలో ఈదుతూ ఉండేవి చాలా తక్కువ. పట్టుకోవడానికి ఒక ఉపరితలం దొరికినచోటే కాపురం పెడతాయి. మనం "జిడ్డు", "పాకుడు" అని ఏవగించుకుని తోమేసేది చాలావరకు ఆ కాపురాన్నే.

సమూలంగా కడిగినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు ఊహించవచ్చు. అమోనియాను తినేవాళ్ళు పోయారు. రాళ్ళ సందుల్లోంచి కదిలిన కుళ్ళు మాత్రం నీటిలో తేలింది. ఆ కుళ్ళును తిని బతికే వేరే జాతి సూక్ష్మజీవులు గంటల వ్యవధిలోనే ఇబ్బడిముబ్బడిగా పెరగగలవు. అమోనియాను మార్చే జాతులు రెట్టింపు కావడానికి ఎంత అనుకూలంగా ఉన్నా అరపూటో, పూర్తి రోజో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఖాళీ అయిన ఊరిని ముందుగా ఆక్రమించేది తొందరగా పెరిగేవాళ్ళే కదా. మూడోనాటి పాలకలక అంటే నీటిలో తేలుతున్న ఆ గుంపే. తిండి అయిపోతే అదీ అణగిపోతుంది. ఈలోగా నిదానస్తులు తిరిగి ఇల్లు కట్టుకుంటారు. కొద్దిరోజుల నుంచి ఒకటి రెండు వారాల్లో నీరు దానంతటది తేరుతుంది. మళ్ళీ కడిగితే ఏమవుతుంది? నిదానస్తులు అప్పుడే వేసుకున్న పునాది మళ్ళీ కొట్టుకుపోతుంది. ఎన్నిసార్లు కడిగితే అన్నిసార్లు కథ మొదటికొస్తుంది. "ఇంకెన్నిసార్లు కడగాలె" అన్న చెల్లె ప్రశ్నకు జవాబు ఇదే. కడిగినన్నాళ్ళూ కడుగుతూనే ఉండాలి.

దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు, వంటిల్లు చాలు. ఏ ఇల్లాలైనా పెరుగుగిన్నెను ఊడ్చి తోమేముందు ఒక చెంచాడు తోడు పక్కన పెడుతుంది. తోడు లేని పాలు తెల్లారేసరికి పెరుగు కావు, విరిగిపోతాయి. తొట్టిని కడిగేటప్పుడు మాత్రం మనం తోడు మిగల్చం. పైగా మిగల్చనందుకు శుభ్రంగా కడిగామని గర్వపడతాం.

శాస్త్రం ఈ సంగతిని కనిపెట్టిందీ ఇంచుమించు తోడు పెట్టే పద్ధతిలోనే. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా పారించారు. సుమారు ఇరవై రోజులపాటు అమోనియా ఎలా పోసింది అలాగే బయటికొచ్చింది. ఆ తర్వాత నైట్రేటుగా మారడం మొదలయింది. క్లోరోఫారం ఆవిరి పట్టిస్తే ఆ మార్పు ఆగిపోయింది. దాన్ని తొలగించి, మంచి మట్టిని కడిగిన నీళ్ళు కొంచెం కలిపితే మళ్ళీ సాగింది. అంటే పని చేస్తున్నది ఇసుక కాదు, ఇసుకను పట్టుకున్న ప్రాణులు. వాటిని విడదీసి పెంచి చూపించినవాడు రష్యాకు చెందిన వినోగ్రాద్‌స్కీ, అది 1890 నాటి మాట. ఆ ఇరవై రోజుల లెక్కను మన దుకాణదారులెవరూ వినియోగదారుడికి చెప్పరు. చెబితే తొట్టీ, చేపలూ ఒకేరోజు అమ్మడం కుదరదు.

ఇంకా ముచ్చటైన కథ ఒకటుంది. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనజ్ఞుడు రెండు చిన్న బంగారుచేపలనూ, ఒక నీటిమొక్కనూ కలిపి పెంచి, మొక్కా ప్రాణీ ఒకదాన్నొకటి ఎలా నిలబెట్టుకుంటాయో 1850లో ప్రకటించాడు. అతని తొట్టిలోనూ నీరు కలకబారింది, మొక్క పాత ఆకులు కుళ్ళడంవల్ల. ఆయన తొట్టిని పారబోసి తోమలేదు. ఆ కుళ్ళును తినే నత్తలను తెచ్చి వదిలాడు. నీరు తేరింది. కలకను చూసి "ఇక్కడ ఎవరు తక్కువయ్యారు?" అని అడిగిన బుద్ధి అది. "ఇక్కడ ఎవరిని తుడిచేయాలి?" అని మనం అడుగుతున్నాం. ఆయన కుమారుడు, తండ్రి పేరే పెట్టుకున్నవాడు, తర్వాత రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో నేలలో అమోనియా నైట్రేటయ్యే క్రమాన్నే పరిశోధించి, అది రెండు మెట్లలో జరుగుతుందని చూపించాడు. తండ్రి తొట్టిలో కంటికి కనిపించని పనివాళ్ళెవరో తెలుసుకునే దారిలో కొడుకు నడిచాడన్నమాట.

ఇక నా అసలు అభియోగానికి వస్తాను. తేటనీరే మంచినీరు అనే మూఢనమ్మకాన్ని లోకంలో ఎవరు పట్టుకు వేళ్ళాడినా క్షమించవచ్చు గాని, నల్లగొండ జిల్లావాళ్ళం మనం వేళ్ళాడటం క్షమార్హం కాదు. ఈ జిల్లా బావుల్లో, బోరుల్లో నీళ్ళు తేటగానే ఉండేవి. అడుగున రాయి కనిపించేంత తేట. ఆ తేటనీళ్ళే తరాల తరబడి పళ్ళను గారపట్టించాయి, వెన్నులను వంచాయి, కాళ్ళను దొడ్డి చేశాయి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదని, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సహించవచ్చని మన దేశపు ప్రమాణం. ఆ ఒకటిన్నరకూ నాలుగుకూ తేడా ఏ కంటికి ఆనుతుంది? రంగు లేదు, వాసన లేదు, కలక లేదు. మర్రిగూడెం వైపు వంగిపోయిన ప్రతి వెన్నూ నీటి తేటదనాన్ని నమ్మినందుకు చెల్లించిన మూల్యమే. అటువంటి నేలమీద పుట్టి, తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి కాబట్టి చేపలు క్షేమమనుకోవడమా!

అమోనియాకూ రంగు లేదు. నైట్రైటుకూ రంగు లేదు. పైగా మన బోరునీళ్ళలో మరో చిక్కు ఉంది. ఫ్లోరైడు ఎక్కువున్న మన జిల్లా నీళ్ళు సాధారణంగా క్షారగుణం కలవి. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి ఎక్కువ విషం, ఒకటి తక్కువ. పాతిక డిగ్రీల వేడిమిలో పీహెచ్ 7 ఉంటే ఎక్కువ విషమైన రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8కి పోతే నూటికి ఐదు పాళ్ళు దాటుతుంది. అదే చేపలు, అదే మేత, అదే కడుగుడు, విషం మాత్రం ఇంచుమించు పదింతలు. వేరేచోట సరిపోయిన అలవాటు ఇక్కడ ప్రాణాంతకం కావడానికి ఇదొక కారణం.

ఆ మందు సీసా సంగతి కూడా తేల్చాలి. నీళ్ళు తేర్చే మందుల్లో చాలావరకు చేసేది పటిక చేసే పనే. తేలే నలుసులను ఒకదానికొకటి అంటించి బరువెక్కించి అడుగుకు దింపడం. ఇది మనవాళ్ళకు కొత్త విద్య కాదు. కుండ లోపల చిల్లగింజను అరగదీసి బురదనీళ్ళను తేర్చుకోవడం ఈ దేశంలో ఎంతో పాత అలవాటు. సంస్కృతంలో కతకమన్నది ఆ గింజనే. నేను చిల్లగింజనూ నిందించను, పటికనూ నిందించను. బురదకు అది మందే. అమోనియాకు కాదు. సీసా మందు సూక్ష్మజీవుల గుంపును అడుగుకు దింపుతుంది, విషాన్ని తాకదు. కలకను దాచి, ప్రమాదాన్ని మిగులుస్తుంది. ఇక్కడ మన జిల్లా పేరే మోసే ఒక పద్ధతిని తలచుకోవాలి. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. అక్కడా పటికే. అయితే వాళ్ళు దాన్ని వేసింది తేటగా ఉన్న నీళ్ళలో, కంటికి కనిపించని ఫ్లోరైడును పట్టి దించడానికి. మనం వేస్తున్నది కంటికి కనిపించేదాన్ని మాయం చేసి, కనిపించనిదాన్ని అలాగే ఉంచడానికి. ఒకే పటిక, బుద్ధులు రెండు.

"అయితే మురికి నీళ్ళలోనే చేపల్ని వదిలేయమంటావా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. నేను శుభ్రతకు శత్రువును కాను. శుభ్రతను మడిగా మార్చుకున్నవారితోనే నా పేచీ. మడికి లెక్క ఉండదు, అంటు మాత్రమే ఉంటుంది. శుభ్రతకు లెక్క ఉంది. ఆ లెక్క ఇది.

మొదట కలక రంగు చూడండి. కడిగిన గంటలోనే బూడిదరంగు కలక కనిపిస్తే అది కడగని గులకరాళ్ళ దుమ్ము, ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. సన్నని బుడగలైతే గంటల్లో పోతాయి. మూడు నాలుగు రోజులకు పాలరంగు వస్తే అది నేను చెప్పిన గుంపు. ఆకుపచ్చ రంగైతే అది నాచు, ఎండ తగిలేచోటునుంచి తొట్టిని జరపాలి. అన్నిటికీ ఒకే మందు వేసేవాడు వైద్యుడు కాడు.

పాలకలకకు చేయవలసింది చాలా తక్కువ. ఆ తక్కువే మనకు కష్టం. ఒకటి రెండు రోజులు మేత ఆపండి. పెరిగిన చేపలు అంతమాత్రానికి చావవు. తర్వాత కూడా చిటికెడే వేయండి. గాలిమోటారు రాత్రీ పగలూ ఆడనివ్వండి, ఎందుకంటే ఆ గుంపు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. ఈ కలకలో నిజంగా భయపడవలసింది అందుకే. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం కావచ్చు. అమోనియా పరీక్ష చుక్కలు దొరుకుతాయి. కంటిని కాదు, వాటిని నమ్మండి. అమోనియా కనిపిస్తే నాలుగోవంతు నీరు మార్చండి, మర్నాడు మళ్ళీ చూడండి. కొత్తనీరు కుళాయిదైతే అందులో క్లోరిన్ ఉంటుంది. ఇంటింటికీ వచ్చే కృష్ణానీళ్ళు మనకు వరమే గాని, శుద్ధిచేసిన ఆ నీళ్ళు అప్పటికప్పుడు తొట్టిలో పోస్తే చేపకూ, స్పాంజిలోని జీవులకూ శాపం. బకెట్టులో ఒకరోజు ఆరుబయట ఉంచి పోయండి, లేదా హైపో చుక్కలు వేయండి. తెలిసినవారి ఆరోగ్యమైన తొట్టిలోంచి పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోగలిగితే అంతకు మించిన మందు లేదు. అదే తోడు.

ఇకమీదట కడిగేటప్పుడు రాళ్ళనూ స్పాంజినీ ఒకేరోజు ముట్టకండి. ఈ వారం అడుగులో సగం, మరో రెండు వారాలకు స్పాంజి. స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీళ్ళలోనే పిండండి, కుళాయి కింద కాదు. నల్లగానే ఉంటుంది, ఉండనివ్వండి. సబ్బు దగ్గరికి రానివ్వకండి. కొత్తనీరు వచ్చి పాతనీరును కొట్టుకుపోయిందని మనకో సామెత ఉంది. తొట్టిలో ఆ సామెత నిజం కాకుండా చూసుకోవడమే చేపలు పెంచడం.

ఈ నిదానం మనకు పరాయిది కాదు. మా మండలంలోనే అయిటిపాముల చెరువుంది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై, నలభై ఆరు వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పూనుకుని, ఊరూరా యంత్రాలు దించి పూడిక తీయించింది. పూడికమట్టి పొలాలకు చేరింది. అంతకు ముందు తరాల్లోనూ రైతులు ఎండాకాలంలో బండికెత్తుకుని తోలుకున్నారు. ఆ మట్టిని వారు మురికి అనలేదు, ఎరువన్నారు. ఇక పూడిక తీసిన చెరువులోకి తొలివానకు ఎర్రనీళ్ళు దిగినప్పుడు, "నీళ్ళు కలకగా ఉన్నాయి, తూము ఎత్తి వదిలేయండి, మళ్ళీ కడుగుదాం" అన్న రైతును ఎవరైనా చూశారా? చెరువు తేరుతుందని అతనికి తెలుసు. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొర్రమీను బురదకుంటలోనూ బతుకుతుందని కూడా తెలుసు. చెరువుగట్టు మీద ఇంత ఓపిక గల జాతి, గాజుతొట్టి ముందు నిలబడగానే ఎందుకంత తొందరపడుతుంది?

నాకు తోచే జవాబు ఒక్కటే. చెరువును మనం నీటికోసం ఉంచుకున్నాం, తొట్టిని చుట్టాలకు చూపడానికి ఉంచుకున్నాం. చూపడానికి పెట్టినదాంట్లో ప్రాణి ఉందన్న సంగతి రెండోది అవుతుంది. కలక మనకు పరువుతక్కువ. చేపకు అది, గాలి అందుతున్నంతవరకు, పునరావాసం. ఎవరి సౌకర్యం కోసం ఎవరిని చంపుతున్నామన్నదే ఇక్కడి వివాదం. చేపను కొని తెచ్చిన చేతికి దాన్ని బతికించే బాధ్యత ఉందని నేనంటాను. ఆ బాధ్యతలో సగం, చేతులు కట్టుకుని పది రోజులు ఆగడం.

చెల్లె ఇంట్లో మిగిలిన ఒక్క చేపకోసం ఒక మిత్రుని తొట్టినుంచి అరచేయంత నల్లటి స్పాంజి ముక్క తెచ్చి పెట్టాం. నీరు మరో తొమ్మిది రోజులు కలకగానే ఉంది. వచ్చినవారందరూ "కడగలేదా?" అని అడిగారు. ఆమె కడగలేదు. చేప బతికింది.

నాతో విభేదించేవారు వాదించండి, వింటాను. కానీ వాదన తెగేదాకా ఆ స్పాంజిని మాత్రం కుళాయి కింద పెట్టకండి.